పర్లాకిమిడిలో ఏం చూశావని అడిగితే

అది 1998 డిసెంబరు. నౌపడ జంక్షన్ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్ళే నారో గేజ్ బండికి నేను గార్డుని. నారో గేజ్ అంటే పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఉండే చిన్న లైను. నత్తనడక బండి అని అందరూ ఎగతాళి చేసేవారు గానీ నాకు మాత్రం టైమంటే పిచ్చి. నా పచ్చజెండా చూసి గడియారం సరిచేసుకోవచ్చని స్టేషన్లలో అనేవారు. అందులో సగం వెక్కిరింతే అయినా నేను మెప్పుగానే తీసుకునేవాణ్ణి.

చివరి బోగీలో సగం గార్డుది. దాన్ని బ్రేక్ వ్యాన్ అంటారు. మిగతా సగంలో ఎండు చేపల బుట్టలవాళ్ళు ఎక్కేవారు. అక్కుపల్లి నుంచి తొమ్మిదిమంది ఆడవాళ్ళు పలాస వచ్చి, ప్యాసింజర్లో నౌపడ చేరి, మా బండిలో పర్లాకిమిడి వెళ్ళి నెత్తళ్ళు అమ్ముకుని సాయంత్రం తిరిగొచ్చేవారు. వాళ్ళకి పెద్ద దిక్కు గురమ్మ. నాకూ ఆమెకీ రోజూ వాదనే. బుట్టలు దారికి అడ్డమని నేనూ, బండే ఇరుకని ఆమే.

ఆ రోజు పొద్దున నౌపడలో ఒక తెల్ల అమ్మాయి వచ్చి సరిగ్గా ఆ బుట్టల మధ్యే కూర్చుంది. పేరు మారిత్. నార్వే నుంచి వచ్చి విశాఖపట్నంలో ఏడాదిపాటు చరిత్ర చదువుకుంటోంది. పర్లాకిమిడి పాత రాజధాని అని విని, రాజుగారి కోట చూడటానికి బయల్దేరింది. వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్నీ పుస్తకం చదివినట్టు ఒక్కొక్కటే పేర్చుకుంటూ మాట్లాడేది. చేపల వాసనకి ముక్కు మూసుకోలేదు సరికదా, నెత్తళ్ళని చేతిలోకి తీసుకుని చూసింది. వాళ్ళ నాన్నా చేపలు పట్టేవాడేనట. అంతే, మావాళ్ళు తమ కులం పిల్ల దొరికినట్టు చుట్టూ చేరిపోయారు.

టెక్కలిలో బండి ఆగినప్పుడు అసలు సంగతి నా చెవిన పడింది. ఆ రోజే నార్వేలో వాళ్ళ నాన్నకి కడుపు ఆపరేషను. పెద్ద ఆపరేషనే. హాస్టల్ గదిలో ఏడుస్తూ కూర్చోవద్దనీ, ఏదైనా ఊరు చూసి సాయంత్రం ఏం చూశావో నాకు చెప్పమనీ ఆయన మాట తీసుకున్నాడట. వాళ్ళ టైము మనకంటే నాలుగున్నర గంటలు వెనక. మధ్యాహ్నం దాటితే గానీ ఏ సంగతీ తెలియదు. గురమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా మొగోలు సంద్రంలో ఉన్ననాడు మేం ఒడ్డున కూకోమమ్మా. కూకుంటే పొద్దు కదల్దు. బుట్టెత్తుకుని ఎలిపోతాం. సాయంత్రానికి ఆళ్ళూ వత్తారు, మేమూ వత్తాం. మీ నాయిన సెప్పింది సరైన మాటే."

ఆ పిల్లకి ఎంత అర్థమైందో తెలియదు గానీ తల ఊపింది. పర్లాకిమిడిలో అందరూ దిగారు. సాయంత్రం ఈ బండికే రావాలని గురమ్మ రెండుసార్లు చెప్పింది. నేను గుణుపురం వెళ్ళిపోయాను. నిజం ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఆ పిల్ల సంగతి నాకు మళ్ళీ గుర్తు రాలేదు.

సాయంత్రం తిరుగు బండి పర్లాకిమిడికి టైముకే వచ్చింది. బ్రేకు పట్టేంత వ్యాక్యూమ్ ఉందో లేదో గేజ్‌లో చూసుకుని, జెండా తీసి దిగాను. మావాళ్ళు ఎక్కలేదు. ఖాళీ బుట్టలు వరసగా పెట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు ప్లాట్‌ఫాం మీదే కూర్చున్నారు. ఎక్కమంటే ఒకరు లేచి బుట్ట తలుపులో పెట్టారు. అది లోపలికి వెళ్ళకముందే ఇంకొకరు దాన్ని దించి, వేరే బుట్ట పెట్టారు. తలుపులో సామాను అడ్డంగా ఉండగా జెండా ఊపకూడదు. ఆ సంగతి వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. ఇంజను కూత వేసింది. స్టేషన్ మాస్టరు గదిలోంచి తొంగిచూశాడు. నా ఒళ్ళు మండిపోయింది. మీ బేరాలు తెమలకపోతే అది బండి తప్పు కాదని, నలుగురిలో అనకూడని మాట కూడా ఒకటి అన్నాను.

గురమ్మ లేవలేదు.

"బేరాలేటి బాబూ. ఆ పిల్ల రానేదు."

ప్లాట్‌ఫాం అంతా కలయజూశాను. పొద్దున నేనే దింపిన మనిషి. నాకు తెలియలేదు, చేపలమ్ముకునేవాళ్ళకి తెలిసింది. ఆ పిల్లని మధ్యాహ్నం బజారులో విదేశాలకి ఫోన్ చేసే ఐఎస్‌డీ బూత్ దగ్గర చూశారట. లైను దొరక్క అక్కడే బల్ల మీద కూర్చుని ఉందట. తినమని పెడితే తినలేదట. సాయంత్రం వరకూ వాళ్ళు వంతులవారీగా వెళ్ళి చూసొచ్చారు, ఆఖరున ఒకావిడని అక్కడే ఉంచి వచ్చారు. అప్పుడు లెక్కపెట్టాను, ప్లాట్‌ఫాం మీద ఎనిమిదిమందే ఉన్నారు.

నేను జెండా చంకలో పెట్టుకున్నాను. ఆ బుట్ట సరిగ్గా పెట్టండని గట్టిగా కేకలేస్తూ నిలబడ్డాను. స్టేషన్ మాస్టరుకి వినిపించాలి కదా. వాళ్ళు దించారు, ఎక్కించారు, మళ్ళీ దించారు. పదకొండు నిమిషాలు అలా గడిచాయి. సర్వీసులో నా వల్ల బండి ఆగిన పదకొండు నిమిషాలు అవే. గార్డ్ జర్నల్ అని ప్రతి స్టేషన్లో రాకపోకల టైము రాసే పుస్తకం ఉంటుంది. అందులో ‘బుట్టలు ఎక్కించుటలో ఆలస్యం’ అని రాశాను. అబద్ధమైతే రాయలేదు.

రిక్షా వచ్చింది. అందులోంచి ముందు ఆ తొమ్మిదో ఆవిడ దిగింది, వెనక మారిత్. ముఖమంతా ఏడ్చి ఎర్రగా ఉంది. గురమ్మ లేచి నిలబడింది గానీ అడగలేకపోయింది.

"నాన్న లేచారు," అంది ఆ పిల్ల. "మాట్లాడారు."

ఎనిమిదిమందీ ఒక్కసారే ఊపిరి వదిలారు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరైనా చూస్తారేమోనని పచ్చజెండా ఎత్తి బండి వైపు తిరిగాను.

పాతపట్నం దాటాక బోగీ మధ్య చెక్కగోడ అవతల మళ్ళీ ఏడుపు వినిపించింది. వెళ్ళి చూశాను. నాన్న మగతలోనే, ఏం చూశావని అడిగారట. కోట చాలా బాగుందని చెప్పిందట. రోజంతా బూత్ ముందు బల్ల తప్ప ఆ పిల్ల ఏమీ చూడలేదు. రేపు మళ్ళీ మాట్లాడేటప్పుడు వివరంగా చెప్పమన్నారు. ఆపరేషన్ అయిన మనిషికి అబద్ధం చెప్పానని ఏడుస్తోంది.

"దానికేటమ్మా, మేం సెప్తాం రాసుకో," అంది గురమ్మ.

ఇక మొదలుపెట్టారు. కోట గుమ్మం ఏనుగు కోసం కట్టిందట, తలమీద బుట్ట దించకుండా వెళ్ళిపోవచ్చట. మధ్యాహ్నం గోడ నీడ ఏ పక్క పడుతుందో, అక్కడ కూర్చుని చద్దన్నం తింటే పావురాలు ఎంత దగ్గరికి వస్తాయో చెప్పారు. గురమ్మ అమ్మమ్మ కాలంలో కోట వంటవాడు వెనక గుమ్మంలో నిలబడి నెత్తళ్ళు కొనేవాడట. మహేంద్రతనయ ఏరు చలికాలం ఎంత సన్నబడుతుందో ఒకావిడ చేతులు చాచి చూపించింది. పిల్ల నోటుపుస్తకం నిండా రాసుకుంది. మధ్యలో నవ్వింది కూడా.

అప్పుడు నా వైపు తిరిగి, మీరు ఎన్నేళ్ళుగా వస్తున్నారని అడిగింది. పద్నాలుగేళ్ళన్నాను. అయితే మీరు ఇంకా చాలా చూసి ఉంటారు, చెప్పండంది.

పద్నాలుగేళ్ళలో నేను స్టేషన్ దాటి ఊళ్ళోకి అడుగు పెట్టలేదు. నాకు తెలిసిన పర్లాకిమిడి ఒక బోర్డు, ఒక కుళాయి, ఒక సిగ్నలు.

"నేను కోట సూడనేదమ్మా. ఇయాల ఒకటే సూశాను. నువ్వు రానేదని ఈళ్ళు బండెక్కనేదు. మీ నాయినకి అది సెప్పు," అన్నాను.

ఆ పిల్ల రాయడం ఆపి, గురమ్మ భుజం మీద తల పెట్టుకుంది. నౌపడ దాకా ఎత్తలేదు.

బండిని టైముకి నడపడమే గార్డు పని అనుకునేవాణ్ణి. ఎక్కినవాళ్ళు మళ్ళీ తిరిగి వస్తున్నారో లేదో చూడాలని ఎవరూ చెప్పలేదు, ఏ రూల్లోనూ లేదు. అప్పటినుంచి ఒంటరిగా ఎక్కిన కొత్త ముఖం కనిపిస్తే, సాయంత్రం మా బండికే వస్తారా అని అడిగేవాణ్ణి. వస్తామన్నవాళ్ళ కోసం ప్లాట్‌ఫాం చివరిదాకా చూసేవాణ్ణి. రాకపోయినా జెండా ఊపేవాణ్ణి, ఉద్యోగం కదా. కానీ ఆ రాత్రి ఇంట్లో కంచం ముందు కూర్చుని, వాళ్ళు ఏదో బస్సెక్కి క్షేమంగా చేరే ఉంటారని నాకు నేను చెప్పుకున్నాకే ముద్ద దిగేది.