మామగారి బల్లపరుపు నట్లు

మా మామగారు నన్ను ఎప్పుడూ తిట్టలేదు. "అల్లుడుగోరూ" అని పిలిచేవాడు. ఆ పిలుపులో పళ్లు ఎలా కొరికేవాడో వింటే, తిట్టే నయమనిపించేది.

ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, లేతు మీద ఇనుము చెక్కే టర్నరుగా రిటైరై, చేతికొచ్చిన డబ్బుతో పాత కారు ఒకటి కొని స్టేషన్ ముందు టాక్సీగా పెట్టాడు. నడిపేది నేను. ఆరో తరగతిలో నేను బడికీ, బడి నాకూ దండం పెట్టుకుని విడిపోయాక, లారీ మీద క్లీనరుగా తిరిగి స్టీరింగు నేర్చుకున్నాను. ఆయన కూతుర్ని కూడా చేసుకున్నాను కనక, జీతం అడగలేని డ్రైవరు ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే దొరికాను. అయినా తాళం ఇచ్చేటప్పుడు నా భార్య ముందే షరతు పెట్టాడు.

"బండి మీద ఒక్క కంప్లేంటు ఒచ్చిందా, తాళం నా మేనల్లుడికిచ్చేత్తాను. ఆడు మేదినీపూర్‌లో బస్సు తోల్తన్నాడు. నీలాగ నోరు తోలడు."

ఆ తాళం పోతే నాకు వేరే బతుకుతెరువు లేదు. అది ఆయనకి బాగా తెలుసు. అందుకే రోజూ పొద్దున్న తాళం చేతికిస్తూ కూడా వెంటనే వదిలేవాడు కాదు.

కారు చక్రాలు తుప్పు పట్టి పనికిరాకుండా పోయాయి. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్లు అమ్మేసిన డిస్పోజల్ సరుకు కలకత్తాలో ఇంకా దొరికే రోజులవి. మామగారు తనే వెళ్లి నాలుగు మిలిటరీ చక్రాలు బేరమాడి రైల్లో వేయించుకొచ్చాడు. వెడల్పుగా, మందంగా, దున్నపోతుల్లా ఉన్నాయి. బోల్టులు రంధ్రాల్లోకి సరిగ్గా దిగాయి. అక్కడే మోసపోయాం. రేకు మందం కావడంతో పాత నట్లు రెండు మరలైనా పట్టలేదు.

"ఈ సక్రాలకి తగ్గ నట్లు కలకత్తాలోనే దొరుకుతాయి మావా, ఎల్లి తెత్తాను" అన్నాను.

"ఉద్యోగం సేసినన్నాళ్లూ ఇంజన్లకి నట్లు తిప్పినోణ్ణి. నన్ను బజార్లో నట్టు కొనుక్కోమంతావేటి? రేపు మా నూతిలో నీళ్లు కూడా కొనుక్కోమంతావు."

మా ఊరి జబ్బు అది. మంచం బోల్టు ఊడినా, తలుపు గడియ పోయినా దుకాణానికి వెళ్లడం నామర్దా. లేతు మీద తిప్పుకోవాలి. గోల్ బజార్‌లో తన పాత శిష్యుడి లేతు మీద ఆయన పొడుగాటి నట్లు తిప్పాడు. వ్యాగన్లకి వేసే తీరున అడుగు బల్లపరుపుగా, వెడల్పుగా పెట్టాడు. వెండిలా మెరిశాయి.

"మావగోరూ, ఇవి సక్రానికా, మీ అమ్మాయి ముక్కుకా?"

నా భార్య నవ్వింది. ఆ నవ్వు కూడా ఆయన నా ఖాతాలోనే వేశాడు.

వారం తిరక్కుండా ముందు ఎడమ చక్రం మలుపుల్లో టిక్కుటిక్కుమనడం మొదలెట్టింది. పొద్దున్న బిగిస్తే సాయంత్రానికి వదులు. ఆ మాట చెబితే ఆయన చిన్న సుత్తి తెచ్చి, స్టేషన్లో రైలు ఆగగానే చక్రాలు కొట్టి చూసే మనిషిలాగా, ఒక్కొక్క నట్టునీ కొట్టి చూశాడు. గంటలా మోగాయి. నిమ్‌పురాలో మా వీధంతా రైల్వే వాళ్లే. అరుగుల మీంచే తలలూపారు. మోగిన చక్రానికి రోగం ఉండదని వాళ్ల నమ్మకం.

"ఇన్నావా? నట్టు ఒదులు కాదు, నీ సెయ్యి ఒదులు."

"కొడితే నా బుర్ర కూడా మోగుతాది మావా. బాగున్నట్టేనేటి?"

"కాళీ డబ్బా మోగకుండా ఉంటాదేటి!"

వీధి వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఆ సుత్తి ఆయన్ని ఎక్కడ తగిలితే బాగుంటుందో ఆలోచించుకుంటూ.

రెండో రోజే ప్రేమ్ బజార్‌కి బేరం తగిలింది. ఇనప ట్రంకుతో ఒక బెంగాలీ విద్యార్థి. సగం దారిలో చక్రం కారుని ఒక పక్కకి లాగేసింది.

"దాదా, చాకా ఖులే జాబే నా తో?" చక్రం ఊడిపోదు కదా అని అడిగాడు.

ఊడితే అదే ముందెళ్లి నీకు గది చూసి పెడుతుందని వచ్చీరాని బెంగాలీలో చెప్పాను. అతను నవ్వలేదు. ట్రంకు నెత్తిన పెట్టుకుని దిగి నడిచిపోయాడు. అటుగా సైకిలు మీద పోతున్న మా వీధివాడొకడు ఇదంతా చూశాడు. నాకంటే ముందు ఆ కబురే ఇల్లు చేరింది.

"ఆదివారం మేనల్లుడొత్తన్నాడు" అన్నాడు మామగారు గుమ్మంలోనే. "తాళం తయారుగా ఉంచండి, అల్లుడుగోరూ."

మర్నాడు మధ్యాహ్నం చక్రం విప్పి ముందేసుకున్నాను. రంధ్రం చుట్టూ రేకు మూకుడులా పల్లంగా ఉంది. కారు పాత నట్ల అడుగు బొంగరంలా సన్నబడి ఉంటుంది. అలాంటి నట్టయితే పల్లంలోకి దిగి, చక్రాన్ని తనే నడిమికి లాక్కుని కూర్చుంటుంది. మామగారి నట్టు మూకుడు మీద పళ్లెంలా పైపైన కూర్చుంది. మరలు కలిశాయి సరే, జాతకాలు కలిసినంత మాత్రాన కాపురం కుదురుతుందా?

నోటితో చెబితే ఆయన నమ్మడు. టర్నరు నమ్మేది మచ్చనే. రెండు ఇనుములు ఎక్కడ తాకుతున్నాయో తెలియడానికి వాళ్లు ఒకదానికి రంగు పూసి రెండోదానికి ఆనించి చూస్తారు. ఇంట్లో రంగు లేదు. నా భార్య కాటుక భరిణె అడిగి, ఆయన్ని పిలిచి, ఆయన కళ్ల ముందే ఆయన నట్టు అడుగంతా పూశాను. బిగించి విప్పాను. పల్లం శుభ్రంగా ఉంది. దాని అంచున దారమంత నల్లగీత పడింది, అంతే. పాత నట్టుకి పూసి వేలితో నొక్కాను. పల్లమంతా నల్లబడింది.

ఆయన వంగి చాలాసేపు చూశాడు. కాటుకకి వంక పెడదామని నోరు తెరిచాడు గానీ, ఎంతైనా టర్నరు నోరు, అబద్ధం రాలేదు.

"నట్లు మారుత్తాను" అన్నాడు చివరికి. "కంప్లేంటు ఒచ్చింది ఒచ్చిందే. తాళం మేనల్లుడికే."

నేను జేబులో తాళం తడుముకున్నాను. మా వీధి వాళ్లెవరూ చూడలేదు గానీ, చూసుంటే పండగ చేసుకునేవారు. నా భార్య గడప దిగి వచ్చి, కాటుక అంటిన బల్లపరుపు నట్టుని నా చేతిలోంచి తీసుకుని కొంగున ముడేసుకుంది.

"ఇచ్చుకో అయ్యా. సాయంత్రం అరుగులకాడ ఇది సూపించి సెప్తాను. ఇంజన్లకి నట్లు తిప్పిన మా అయ్య, సొంత అల్లుడికి సక్రం ఊడిపోయే నట్టు సేసినాడని."

"నువ్వు నా కూతురివేనేటే?"

"నీ కూతుర్నే. అందుకే ముడి గట్టిగా ఏసినాను."

అప్పటికప్పుడే ఆయన పల్లంలో మైనం నొక్కి, దాని వాలు అచ్చు తీసుకుని గోల్ బజార్ వెళ్లాడు. తెచ్చిన కొత్త నట్లు పొడుగ్గా ఉన్నాయి, అడుగు బొంగరంలా ఉంది. వంక పెట్టడానికి ఎంతో వెతికాను. దొరకలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తీరలేదు. ఒకటి బిగించాక దాని ఎదుటిది బిగిస్తూ చక్రాలు ఎక్కించి స్టేషన్ దాకా వెళ్లొచ్చాను. చప్పుడు లేదు, లాగుడు లేదు. ఆదివారం మేనల్లుడు వచ్చి, చేపల పులుసు తిని, సంగతేమిటో తెలియకుండానే తిరిగి వెళ్లిపోయాడు.

తాళం నాకే ఉండిపోయింది. ఆ "అల్లుడుగోరు" మాత్రం ఆయన నోట మళ్లీ వినలేదు. సోమవారం పొద్దున్న తాళం గడప మీద పడేసి, వెళ్లి కారు ముందు నిలబడి, నా నెత్తి మీదుగా కూతురితో అన్నాడు:

"సెప్పమ్మా ఆడికి. మెయిలు ఒచ్చే టయిమయింది, బండి తియ్యమను."

నేను ఇంజను స్టార్ట్ చేసి, నేనూ ఆవిడతోనే అన్నాను:

"మీ అయ్యకి సెప్పు. ముందు బండికి అడ్డు లెగమను."