మూడో గట్టు మీద సూదిపిట్ట

ప్రెస్సాయన ముప్పై రెండేళ్ళు అచ్చుయంత్రం పక్కన నిలబడి పనిచేశాడు. అది తిరుగుతున్నంతసేపూ పక్కవాడికి ఏదైనా చెప్పాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. రిటైరైన మర్నాడు పొద్దున్న వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుంటే ఆ నిశ్శబ్దం ఆయనకి ఊపిరాడనివ్వలేదు. భార్యని ఏదో ఒకటి మాట్లాడమన్నాడు. ముప్పై రెండేళ్ళుగా తను మాట్లాడుతూనే ఉందనీ, ఆయనకిప్పుడు తీరిందనీ ఆవిడ దెప్పింది.

ఆయన్ని పిట్టల దగ్గరికి లాక్కెళ్ళింది డ్రైవరు. ఇద్దరికీ పరిచయం పింఛను ఆఫీసు వరసలో అయింది. ముందు నేనంటే ముందు నేనని పావుగంట పోట్లాడుకుని, కౌంటరు మూసేశారని తెలిశాక ఒకే బెంచీ మీద కూర్చుని నవ్వుకున్నారు. ఆ సాయంత్రానికల్లా బావా అంటే బావా అనుకునేదాకా వచ్చింది. డ్రైవరు ఇరవై తొమ్మిదేళ్ళు సిటీ బస్సు నడిపాడు. ముందున్న బండి వెనక భాగం తప్ప లోకంలో ఇంకేమీ చూడలేదనీ, ఇకనైనా తలెత్తి పైకి చూస్తాననీ అనేవాడు.

మంచినీళ్ళ చెరువు దగ్గర పిట్టల్ని చూసేవాళ్ళు నెలకో ఆదివారం తెల్లారకముందే పంపుహౌస్ దగ్గర చేరేవారు. వాళ్ళని నడిపించేది ఒక రిటైరైన టీచరమ్మ. చెరువుకి నాలుగు గట్లు. గట్టుకి ఇద్దరు చొప్పున వెళ్ళాలి, ఒకరు లెక్కపెట్టి కాగితం మీద రాస్తే ఒకరు తోడుండాలి. తొమ్మిదింటికి అందరూ పంపుహౌస్ రేకుల కిందకి తిరిగొచ్చేవారు. బేకరీ ఆయన తువ్వాలులో చుట్టి తెచ్చిన వేడి బన్నులు విప్పేవాడు, ఫ్లాస్కుల మూతలు ఊడేవి. అప్పుడు టీచరమ్మ బడిలో హాజరు పిలిచినట్టే పిట్టల పేర్లు పిలిచేది. నీటికాకి, మొదటి గట్టు? ఇరవై రెండు. లకుముకి, రెండో గట్టు? రెండు. ఏదీ కనపడకపోతే "లేదు" అనాలి. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే: అనుకున్నది రాయకూడదు, చూసిందీ విన్నదీ మాత్రమే రాయాలి.

మొదటి రోజే డ్రైవరు పరువు గంగలో కలిసింది. అవతలి ఒడ్డున తెల్లకొంగ ఒకటి కదలకుండా నిలబడి ఉందని పావుగంట సేపు అందరినీ మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. గాలి వీచింది. కొంగ ఉబ్బింది, ఎగిరింది, ముళ్ళకంపకి తగులుకుంది. ప్లాస్టిక్ కవరు. ఆ నెల నుంచి టీచరమ్మ జాబితాలో అన్ని పేర్లూ అయ్యాక గొంతు సవరించుకుని "కవరుకొంగ, మూడో గట్టు?" అని పిలిచేది. డ్రైవరు లేచి, చేతులు కట్టుకుని, "ఒకటి మేడమ్, వయసు మళ్ళింది" అనేవాడు. ఎన్నేళ్ళు విన్నా ఆ మాటకి బన్ను గొంతుకడ్డం పడి దగ్గేవాళ్ళు ఉండనే ఉన్నారు.

మూడో గట్టు వాళ్ళిద్దరిదీ. ఆ గట్టు కింద చెరువు పొడవునా రెల్లుపొదలు. వాటిలో ఒక పిట్ట ఉండేది. బొటనవేలంత ఉంటుంది, ఎండుగడ్డి రంగు. ఎక్కడో పొద మధ్యలో నక్కి కూర్చుంటుంది కాబట్టి కంటికి దొరకదు, గొంతుని బట్టి పట్టుకోవాల్సిందే. ఆ గొంతు సన్నం, సూదిమొనంత సన్నం. పుస్తకాల్లో దాని పేరేదైనా వీళ్ళంతా సూదిపిట్ట అనేవారు. చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు, ఆ రెల్లులోనే ఉంది. నీటిసరఫరా ఆఫీసువాళ్ళు ఏటా రెల్లు కోయించాలని చూసేవారు. ఏటా టీచరమ్మ మూడో గట్టు కాగితాలు జతచేసి ఉత్తరం రాసి ఆపేది. ప్రెస్సాయన రాసిన అంకెల వల్లే ఆ రెల్లు నిలిచి ఉందని ఆవిడ పదిమందిలో అన్నప్పుడు ఆయన నేలచూపులు చూసేవాడు గాని, ఇంటికెళ్ళి ఆ మాట భార్యకి రెండుసార్లు చెప్పేవాడు.

రెల్లు దగ్గరికి రాగానే డ్రైవరు నోరు మూతపడేది. బస్సులో హారన్ కంటే ఎక్కువ మోగిన మనిషి అక్కడ మాత్రం ఊపిరి బిగబట్టి నిలబడి, పిట్ట కూయగానే చూపుడువేలు పైకెత్తేవాడు. ప్రెస్సాయన తలాడించి కాగితం మీద గీత పెట్టేవాడు. "నువ్వు చూపిస్తేనే వినపడుతుందా బావా నాకు?" అని వెక్కిరించేవాడు. డ్రైవరు నవ్వి, సిగ్నల్ ఇవ్వడం ఉద్యోగంలో అలవాటైపోయిందనేవాడు. అలా తొమ్మిదేళ్ళు నడిచింది.

తరవాత ఒక వానాకాలం డ్రైవరు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. పన్నెండో రోజు లేడు.

ఆ మరుసటి నెల ప్రెస్సాయన మూడో గట్టుకి ఒక్కడే వెళ్ళాడు. తోడు వస్తానని బేకరీ ఆయన గట్టు మొదట్లో నిలబడి అడిగితే, తనకెవరూ అక్కర్లేదని ముఖం మీదే చెప్పాడు. బేకరీ ఆయన ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. ఆరోజు రెల్లు పక్కన గంటసేపు నిలబడినా సూదిపిట్ట కూయలేదు. హాజరు పిలిచినప్పుడు "లేదు" అన్నాడు. జాబితా చివర టీచరమ్మ కవరుకొంగని పిలవకుండానే కాగితం మడిచేసింది.

పై నెల కూడా లేదు. ఆపై నెలా లేదు. నాలుగైదు నెలలు గడిచాక ప్రెస్సాయనకి ఆ "లేదు"లో ఏదో ఓదార్పు దొరకడం మొదలైంది. వాడితోపాటే వెళ్ళిపోయింది అని ఒకరోజు అన్నం ముందు కూర్చుని భార్యతో అన్నాడు. ఆవిడ మజ్జిగ పోసింది. మనిషి పోతే లోకం లోకంలా ఉండటం అన్యాయమనిపిస్తున్న రోజుల్లో ఒక్క పిట్టయినా చోటు ఖాళీ చేసిందని ఆయనకి కృతజ్ఞతగా ఉండేది.

మరుసటి ఏడు ఆఫీసువాళ్ళు రెల్లు కోయడానికి వస్తే టీచరమ్మ మామూలుగానే ఉత్తరం రాసింది. వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు. మీ కాగితాల ప్రకారమే పిట్ట లేదు కదా అన్నారు. సగం రెల్లు కోసేశారు. మిగతా సగం పై ఏడు కోస్తామన్నారు. కోసినచోట నల్లటి బురద, దాని మీద మోడులు మిగిలాయి. ప్రెస్సాయన ఆ పక్కనుంచి నడుస్తూ, ఉన్నవాళ్ళు వెళ్ళిపోయాక ఇల్లుండి మాత్రం ఏం లాభం అనుకున్నాడు.

డ్రైవరు పోయి రెండేళ్ళు కావస్తుండగా ఒక కొత్తమ్మాయి చేరింది. ఆస్పత్రి వార్డులో నర్సు. మిగతా గట్లన్నీ నిండిపోయాయి కాబట్టి టీచరమ్మ ఆమెని మూడో గట్టుకి పంపింది. ప్రెస్సాయన కాదనబోతే, "ఒక్కనెలే కదండీ, పిల్లకి నేర్పండి" అంది. టీచరమ్మ అలా అంటే ఇక అప్పీలు లేదు.

ఇద్దరూ రెల్లు దగ్గరికొచ్చారు. ఎండ ఇంకా ముదరలేదు. నర్సు ఉన్నట్టుండి ఆగింది.

"బాబాయ్ గారూ, సన్నగా కూస్తున్నదేంటి?"

ఆయనకేమీ వినపడలేదు. కీచురాయి అయ్యుంటుందన్నాడు. కాదంది. ఆగి ఆగి కూస్తోందనీ, ఇప్పుడు కూడా కూసిందనీ, అదిగో మళ్ళీ కూసిందనీ చెప్పింది. ఆమె చూపిస్తున్న వైపుకి ఆయన బైనాక్యులర్లు తిప్పాడు. కోయడం వల్ల పొద పలచబడిందేమో, ఎన్నడూ లేనిది ఒక రెల్లుకాడ కొసన అది బయటికే కూర్చుని ఉంది. బొటనవేలంత ఉంది, ఎండుగడ్డి రంగు. ముక్కు తెరిచింది. గొంతు కింద ఈకలు వణికాయి. ముక్కు మూసింది. మళ్ళీ తెరిచింది.

చప్పుడు లేదు.

ఆయన చెవి వెనక అరచెయ్యి ఆనించుకున్నాడు. నీళ్ళ అలికిడి వినపడుతోంది, దూరంగా పంపు వినపడుతోంది, పక్కన అమ్మాయి ఊపిరి కూడా వినపడుతోంది. పిట్ట మాత్రం తొమ్మిదిసార్లు నోరు తెరిచి మూసింది. ఆయన లెక్కపెట్టాడు.

బైనాక్యులర్లు దించాడు. డ్రైవరు వేలు గుర్తొచ్చింది. ఆ వేలు లేచినప్పుడల్లా తను విన్నాననుకున్నాడు. నిజంగానే వినపడినట్టుండేది, ప్రమాణం చేసి చెప్పగలడు. యంత్రం మోతకి అరిగిపోయిన చెవుల్లో మిగిలిన పాటని ఆ వేలు లేపేది కాబోలు. రెండు నిమిషాలు నోరు మూసుకోలేని మనిషి రెల్లు పక్కన అంత బిగబట్టుకుని నిలబడింది ఇద్దరి బదులూ వినడానికన్నమాట. ఒక్కసారి కూడా, వెక్కిరించినప్పుడు కూడా, ఆ మాట నోరు జారనివ్వలేదు.

పిట్ట వెళ్ళిపోలేదు. రెండేళ్ళుగా ఇక్కడే కూర్చుని కూస్తోంది. తను దీని పక్కనుంచి ఇరవై మూడుసార్లు నడిచి, ఇరవై మూడుసార్లు లేదన్నాడు. ఆ మాట పట్టుకుని దాని ఇల్లు సగం కోసేశారు.

నర్సు కాగితం చేతిలో పట్టుకుని, "రాయనా బాబాయ్ గారూ?" అంది.

"రాయమ్మా."

పంపుహౌస్ దాకా పది నిమిషాల నడక. ఆ పది నిమిషాల్లో ఆయనకి తేలికైన దారి ఒకటి కనపడకపోలేదు. తిరిగొచ్చిందంటే సరిపోతుంది. ఎవరూ ఏమీ అడగరు. అందరూ సంతోషిస్తారు, టీచరమ్మ ఉత్తరం రాస్తుంది, తన గట్టు తనకే ఉంటుంది. కాని ఆఫీసువాళ్ళు కాగితాలు తిరగేసి ఏమంటారో కూడా ఆయనకి తోచింది. రెల్లు నిండుగా ఉన్నప్పుడు లేదు, సగం కోశాక వచ్చింది. మిగతాది కూడా కోస్తే ఇంకా వస్తాయేమో అంటారు. అక్షరం తప్పు పడితే ఆ ఒక్క చోటుతో పోదనీ, అచ్చయిన ప్రతి కాపీలోనూ ఉంటుందనీ ప్రెస్సులో పనిచేసినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

బన్నులు పంచడం అయింది. టీచరమ్మ పేర్లు పిలుస్తూ వచ్చి, గత కొంతకాలంగా అలవాటైనట్టే కాగితం మీంచి తలెత్తకుండా అంది.

"సూదిపిట్ట, మూడో గట్టు. లేదు."

"ఉంది" అన్నాడు ప్రెస్సాయన.

అందరూ ఒక్కసారి ఇటు తిరిగారు. తిరిగొచ్చిందా అని ఎవరో సంబరంగా అడిగారు. ఆయన లేచి నిలబడ్డాడు.

"తిరిగి రాలేదు. ఎక్కడికీ పోలేదు. ఈ అమ్మాయి వింది, నేను వినలేదు. నోరు తెరుస్తుంటే చూశాను, అంతే. నాకు దాని గొంతు వినపడదు. రెండేళ్ళుగా నేను లేదన్నదంతా తప్పు."

ఫ్లాస్కు పట్టుకున్నవాళ్ళు ఫ్లాస్కుతోనే ఉండిపోయారు. టీచరమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మరి డ్రైవరుగారు ఉన్నప్పుడు మాటేమిటని నెమ్మదిగా అడిగింది.

"వాడు విన్నాడు. నేను రాశాను."

బేకరీ ఆయన తువ్వాలు మడుస్తూ మడుస్తూ ఆగాడు. తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"నాకు చెప్పాడన్నయ్యా. ఆస్పత్రిలో. బావకి ఆ పిట్ట వినపడదు, నువ్వు పక్కనుండి వేలెత్తు, ఆయనకి మాత్రం తెలియనివ్వకు అన్నాడు. నువ్వు రావద్దన్నావు. ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను. రెల్లు కోసిన రోజున కూడా ఊరుకున్నాను."

ప్రెస్సాయనకి కోపం రాలేదు. కోపం వచ్చుంటే బాగుండేది. గట్టు మొదట్లో బేకరీ ఆయన్ని తనెలా పంపేశాడో గుర్తుంది. చావుబతుకుల్లో ఉన్నవాడు కూడా తన చెవుల గురించే ఏర్పాటు చేసి వెళ్ళాడు. ఆ ఏర్పాటుని తను దుఃఖం పేరు చెప్పి తన్నేశాడు. వెళ్ళి బేకరీ ఆయన పక్కన కూర్చుని, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మిగతావాళ్ళు తలలు వంచుకుని బన్నులు నమిలారు.

ఆ మధ్యాహ్నమే టీచరమ్మ ఇంట్లో బల్ల మీద మూడో గట్టు కాగితాలన్నీ పరిచారు. రేపు పొద్దున్నే ఆఫీసుకి ఉత్తరం వెళ్ళాలి, దిద్దిన కాగితాలు దానితోపాటే వెళ్ళాలి. ఆవిడ దిద్దుతానంటే వద్దని ప్రెస్సాయనే కలం తీసుకున్నాడు. ఇరవై మూడు కాగితాల్లో "లేదు" కొట్టేసి పక్కన "నాకు వినపడలేదు" అని రాశాడు. ఒక్కో కాగితం అయ్యాక కింద సంతకం పెట్టి ఆవిడ వైపు జరిపాడు.

అవి అయిపోయాక బల్ల మీద పాత కట్ట మిగిలింది. అవి డ్రైవరు బతికున్న నాటి కాగితాలు. అందులో అంకెలు తప్పు కాదని టీచరమ్మ అంది. నిజమే. కాని ప్రతి కాగితం చివర "విన్నవారు" అని ఒక గడి ఉంది. ప్రతి గడిలోనూ ఆయన సంతకమే ఉంది. వినకుండా పెట్టిన సంతకాలు ఉంచడం కుదరదన్నాడు. డ్రైవరు పేరు రాయాలన్నాడు. ఆవిడ కాదనలేదు. ఎప్పటినుంచి అని మాత్రం అడిగింది.

ఆయన డ్రైవరు ఆఖరిసారి వచ్చిన నెల కాగితం తీశాడు. నాలుగు గీతలు. తను వినలేదు, అది ఖాయం. దాని కిందది కూడా అంతే. ఏడాది వెనక్కి వెళ్ళాడు. ఆరోజు మంచు పడింది, డ్రైవరు రెండు స్వెట్టర్లు వేసుకొచ్చాడు, ఆరు గీతలు. విన్నాడా? విన్నట్టే ఉంది. అన్నీ విన్నట్టే ఉన్నాయి. ఇంకో ఏడాది వెనక్కి వెళ్ళాడు. మొట్టమొదట్లో మాత్రం నిజంగా విన్నాడు, ఆ గొంతు ఎలా ఉంటుందో ఇప్పటికీ తెలుసు కదా. తన చెవులు ఎక్కడ ఆగిపోయాయో, డ్రైవరు చెవులు ఎక్కడ మొదలయ్యాయో, ఆ రెంటికీ మధ్య గీత ఏ నెలలో ఉందో ఏ కాగితమూ చెప్పలేదు. అక్షరాలన్నీ ఒకే చేతివి, ఒకే నల్లసిరావి.

టీచరమ్మ లేచి కిటికీ తలుపు ఇంకొంచెం తెరిచి, వెలుతురు బల్ల మీద పడేలా చేసింది. ఒక కాగితం మీద వేలు పెట్టి, ఇక్కడినుంచి మార్చమంటారా అని అడిగింది.

ఆయన ఆ కాగితం మీది గీతలు ఒక్కొక్కటే చూశాడు.

"ఇంకొంచెం వెనక్కి తియ్యండమ్మా" అన్నాడు.