కెర్నల్ లేవకముందు వినిపించిన గొంతు

దయ్యాలు లేవు. చూశామని నాతో చెప్పినవాళ్లలో సగం మంది ఆ పూట ఎక్కువ తిని పడుకున్నవాళ్లు. మిగతా సగం మంది తాము చూడలేదు, తమ బావమరిది చూశాడన్నవాళ్లు. ఇందులో చీకటి లేదు, కుక్క ఏడవదు, తలుపు కిర్రుమనదు. మిట్టమధ్యాహ్నం రైల్వే గేటు దగ్గర, హెల్మెట్‌లో ఫోన్ దూర్చుకుని ఎండలో ఉడుకుతున్నప్పుడు జరిగింది. భయపడదామని వచ్చినవాళ్లు నిరాశపడితే నా పూచీ లేదు.

మా చిన్నమ్మ సుగుణ, అంటే అమ్మ చెల్లెలు, బన్సీలాల్‌పేట్‌లో ఒక మేడమీది పోర్షన్‌లో ఉంటుంది. చిన్నతనంలో వచ్చిన జ్వరంతో చూపు పోయింది. దాని గురించి ఎవరైనా ఆమె ముందు "అయ్యో" అన్నారంటే వాళ్లకు ఆ పూట చాయ్ ఉండదు.

డాక్టర్లు మాటల్లో రికార్డు చేసి పంపే రిపోర్టులను విని టైపు చేయడం ఆమె ఉద్యోగం. ఇంటి నుంచే. తెర మీద ఉన్నదంతా ఒక ప్రోగ్రాము పైకి చదువుతుంది, ఆమె విని పని చేసుకుంటుంది. ఆ చదివే వేగం ఎంత పెంచుకుందంటే, మనకు అది మాటలా ఉండదు, పోపులో ఆవాలు పేలుతున్నట్టు ఉంటుంది. పక్కన ఎన్నిసార్లు కూర్చున్నా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఇది జరిగేనాటికి ఆ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు, పరీక్షలోనే ఉంది. చేరేటప్పుడు సూపర్‌వైజరు, కంప్యూటర్ మొరాయిస్తే పక్కన సాయానికి ఎవరుంటారని మర్యాదగానే అడిగాడట. ఎవరూ అక్కర్లేదు, నేనే చూసుకుంటానని ఈమె చెప్పింది. ఆయన "చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" చిన్నమ్మకు గుచ్చుకుంది. ఒక్క ఫైలు ఆలస్యమైనా ఆయన మాటే నెగ్గుతుందని, అప్పటి నుంచి పండగ పూట కూడా హెడ్‌ఫోన్ తీయలేదు.

ఆమె కంప్యూటర్ బాగోగులు నావి. సీసీ కెమెరాలు బిగించడం నా వృత్తి, చిన్నమ్మ కంప్యూటర్ నా కర్మ. అందులో లినక్స్ వేసింది నేనే. ఎవరికీ సొంతం కాని, అందరూ కలిసి తయారుచేసుకునే సిస్టమ్ కాబట్టి, పాడైతే తిట్టడానికి ఒక ఆఫీసంటూ ఉండదు. ఆ ఖాళీలో నన్ను పెట్టుకున్నారు.

కంపెనీ ఆమెకు కాలితో తొక్కే పెడల్ ఒకటి పంపింది. తొక్కితే రికార్డింగ్ ఆగుతుంది, వెనక్కి పోతుంది, చేతులు కీబోర్డు వదలనక్కర్లేదు. మా పాత కెర్నల్ దాన్ని గుర్తుపట్టలేదు. కెర్నల్ అంటే సిస్టమ్‌కు మేస్త్రీ లాంటిది. స్పీకర్, కీబోర్డు, పెడల్ అన్నీ దాని మాటే వింటాయి. కొత్త మేస్త్రీకి ఈ పెడల్ తెలుసని చదివాను. ఒకరోజు పొద్దున్నే వెళ్లి కొత్త కెర్నల్ వేసి, రీస్టార్ట్ చేస్తేనే అది పనిలోకి వస్తుందని, ఈ రోజు ఫైలు పంపించాకే చేయమని చెప్పి, యాప్రాల్‌లో కెమెరాలు బిగించడానికి వెళ్లిపోయాను. చిన్నమ్మ మధ్యాహ్నమే రీస్టార్ట్ చేసింది. పెడల్ ఉంటే ఫైలు ఇంకా ముందే అయిపోతుందని ఆమె లెక్క.

పెడల్ పనిచేసింది. సౌండ్ పోయింది. మామూలు మనుషులకైతే పాటలు రావు, అంతే. చిన్నమ్మకు తెర మొత్తం పోయినట్టే.

ఆమె ఫోన్ చేసేసరికి నేను తిరుగు దారిలో అల్వాల్ దగ్గర గేటు పడి ఇరుక్కుని ఉన్నాను. ఫైలు ముక్కాలు వంతు అయ్యింది, సాయంత్రంలోపు పోవాలి. బాబాయ్ డ్యూటీలో ఉన్నాడు. కింది పోర్షన్ వాళ్లు పెళ్లికి పోయారు. పక్కింటివాళ్లను పిలిచి తెర చూడమంటావా అన్నాను. ఆమె అన్న మాట ఇది:

"ఒకల్ని పిలిచి చూపిచ్చుకుంటే, గా సార్ చెప్పిందే నిజమైతది గదరా. ఏం నొక్కాల్నో నువ్వు చెప్పు, నేను నొక్కుతా."

దారి ఒకటుంది. కొత్త కెర్నల్ వేసినా పాతది పోదు. కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు ఒక మీట నొక్కి పట్టుకుంటే మెనూ వస్తుంది, అందులో పాతదాన్ని ఎంచుకోవచ్చు. పవర్ బటన్‌తో ఆపి, మళ్లీ ఆన్ చేసి, షిఫ్ట్ నొక్కి పట్టుకోమన్నాను. పట్టుకుంది.

అప్పుడు చదవడం మొదలైంది. ఒక గొంతు, తొందర లేకుండా, మెనూలో ఒక్కో వరస చదివింది. కిందికి ఒకసారి కొట్టి, రెండోదాని మీద ఎంటర్ నొక్కమన్నాను. లోపలి జాబితా వచ్చింది. అందులో కెర్నళ్ల పేర్లు, వెర్షన్ నంబర్లు అంకెకు అంకె విడదీసి చదివింది. ఎన్ని ఉన్నాయో, ఏ వరసలో ఉన్నాయో నాకు గుర్తు లేదు, విన్నాకే తెలిసింది. పాత నంబర్ మూడోది. "కిందికి రెండుసార్లు కొట్టి ఎంటర్ కొట్టు చిన్నమ్మా" అన్నాను. కొట్టింది. కాసేపటికి అటువైపు ఆవాలు పేలడం మొదలైంది. మెషీన్‌కు మాట వచ్చింది. ఆమె ఫోన్ పెట్టేసింది. గేటు లేచింది.

కార్ఖానా సిగ్నల్ దగ్గర నాకు బుర్ర పనిచేసింది. ఆ మెనూ కెర్నల్ లేవకముందు వస్తుంది. మేస్త్రీ ఇంకా పనిలోకి దిగలేదు. స్పీకర్ పనిచేయదు, చదివే ప్రోగ్రామే ఇంకా మొదలవ్వదు. ఆ మెనూను ఏ కంప్యూటరూ చదవదు. పైగా నేను ప్రతి అక్షరం అర్థం చేసుకున్నాను. చిన్నమ్మ మెషీన్ మాట నాకు అర్థం కావడమేంటి? గ్రీన్ పడినా కదల్లేదు. వెనకాల ఆటో ఆయన నా వంశం మొత్తాన్ని గుర్తు చేశాకే కదిలాను.

నేను చేరేసరికి ఆమె ఫైలు పంపేసి చాయ్ పెడుతోంది. ఇందాక మెనూ చదివింది నీ మెషీన్ గొంతేనా అని అడిగాను.

"మెషీన్ చదువుడేంది? నువ్వే గద చదివినవ్."

నేను చదవలేదన్నాను.

"ఫోన్లకెల్లి ఇన్న. నీకు నోటికొచ్చేమో అనుకున్న. గంత ఓపికగ చదివినవ్, గప్పుడే నాకు డౌట్ రావాల్సుండె."

నేను గేటు దగ్గర నిలబడి ఆ గొంతు ఆమె గదిలోంచి వస్తోందనుకున్నాను. ఆమె తన గదిలో కూర్చుని అది నా వైపు నుంచి వస్తోందనుకుంది. ఆమె దగ్గర లేదు, నా దగ్గర లేదు. చాయ్ పొంగింది. ఇద్దరం దించలేదు.

ఆ సాయంత్రమే మళ్లీ చేసి చూశాను. మెనూ తెర మీద వచ్చింది, నేను విన్న వరసే, విన్న నంబర్లే. శబ్దం మాత్రం లేదు. అదే ఫోన్, అదే గది, అదే మీట. పదిసార్లు చేసినా అంతే. తెర చదివి వినిపించే ఆమె టచ్ ఫోన్ ఆ వారం రిపేరులో ఉంది. చేతిలో ఉన్నది బాబాయ్ పాత బటన్ ఫోన్, పిలవడం, పలకడం తప్ప దానికేమీ రాదు. టీవీ ఆపి ఉంది. మా సికింద్రాబాద్‌లో పక్కింటివాళ్లు చాలా విషయాల్లో తలదూరుస్తారు, ఒప్పుకుంటాను. కానీ మూసిన తలుపు అవతల నుంచి కెర్నల్ నంబర్లు చదివేంత సాయం ఇంకా ఎవరూ చేయడం లేదు.

నా స్నేహితుడు క్రాస్ కనెక్షన్ అన్నాడు. అంటే ఊళ్లో ఇంకెవరో అదే నిమిషంలో, అవే నంబర్లున్న జాబితాను, ఎవరికో ఫోన్‌లో చదువుతుంటే మా లైన్లో కలిసిందన్నమాట. దీనికంటే దయ్యమే నమ్మేలా ఉంది. అది కూడా నమ్మను.

లినక్స్ వాళ్ల ఫోరంలో రాశాను. లాగ్, అంటే కంప్యూటర్ తను చేసిన పనులు రాసుకునే చిట్టా, పంపమన్నారు. లాగ్ రాసేది కెర్నల్ లేచాక. ఇది జరిగింది లేవకముందు. ఆ మాటే చెప్పాను. మళ్లీ చేసి చూపించలేని సమస్య అని మూసేశారు. వాళ్ల తప్పు లేదు, నేనైనా అంతే చేసేవాణ్ణి.

అమ్మ ఊరుకోలేదు. "గా ఇంట్ల ఏదో గాలి ఉన్నది" అని నిమ్మకాయలు, ఎర్రదారం పట్టుకుని వచ్చింది. చిన్నమ్మ నిమ్మకాయలు తీసుకుని పులిహోర కలిపింది. "ఉంటే ఉండనియ్యి అక్కా, వానొస్తే బట్టలు తియ్యమని సుత చదివి చెప్తది" అంది. ఇల్లు మారలేదు. దారం గుమ్మానికి కట్టనివ్వలేదు.

ఆ మెనూ వరస ఆమె నాతో చెప్పించుకుని కంఠతా పట్టింది. తర్వాత వచ్చిన కెర్నల్‌లో సౌండ్, పెడల్ రెండూ పనిచేశాయి. దాన్ని ఆమే వేసుకుంది. నేను వస్తానంటే వద్దంది. ఆ రోజు ఫోన్ కూడా చేయలేదు, అయిపోయాక చెప్పింది. ఎవరైనా చదివారా అని అడగబోయి మానుకున్నాను. చదివారంటే ఏం చేయాలో నాకు తెలియదు, చదవలేదంటే ఎందుకో వెలితిగా ఉంటుందనిపించింది.

ఉద్యోగం పర్మనెంట్ అయిన రోజు సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. నేను అక్కడే ఉన్నాను. మెషీన్ మూగబోయిన సంగతి ఆమే ఆయనకు చెప్పి ఉంది; ఆ రోజు కూడా ఫైలు టైముకే వచ్చింది, ఎవరు సాయం చేశారని అడిగినట్టున్నాడు. చిన్నమ్మ హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది.

"మా అక్క కొడుకు మీటలు చెప్పిండు సార్. చదివింది ఎవరో నాకు తెల్వది," అంది. "నొక్కింది మాత్రం నేనే."

ఆయన నవ్వాడట, జోక్ అనుకుని. మా ఇంట్లో జోకులు వేసేది నేను. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ నేను ఇప్పటికీ చెప్పలేను.