తాళం వేసిన ఇంటి బిందె

మా ఎదురింటి అత్త పోయిన సంగతి మా వీధికి చర్చి మైకు చెప్పలేదు, నీళ్ళ లైను చెప్పింది. ట్యాంకర్ వచ్చే రోజు తెల్లారేసరికి అందరికన్నా ముందు ఉండాల్సిన ఆమె నీలం బిందె ఆ రోజు కనబడలేదు. కాసేపు చూశాం. తర్వాత నలుగురం కలిసి వెళ్ళి తలుపు తోశాం. గడియ పెట్టుకునే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రలోనే పోయిందన్నారు. పాస్టరుగారు మైకు పట్టుకునేసరికి కురిచేడులో ఉన్న ఆమె కూతురికి కూడా ఫోన్ వెళ్ళిపోయింది.

రక్తసంబంధం ఏమీ లేదు మాకు. వరస కలుపుకున్నాం, అంతే. కానీ సొంత మేనత్త పోయినప్పుడు కూడా నేను ఇంతగా ఏడవలేదు. ఎందుకో చెప్పుకోవాలి. చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది.

బేస్తవారిపేటకు దగ్గర మా పల్లె. ఎండలు ముదిరితే బోర్లు ఎండిపోతాయి. ఎండని బోరు నీళ్ళు తాగితే పళ్ళు పచ్చబడతాయి. అందుకే వారానికి రెండుసార్లు ట్యాంకర్ కోసం కాచుకోవడం మాకు అలవాటు. లైనులో మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. బిందె పెట్టి ఇంటికి పోయి కూరగాయలు తరుక్కోవచ్చు, పొయ్యి మీద ఎసరు పెట్టుకోవచ్చు. లైను కదిలినప్పుడు వెనక ఉన్నవాళ్ళు మన బిందెను కాలితో ముందుకు జరుపుతారు. మనిషి లేదు కదా అని దాన్ని దాటి పోవడం మా దగ్గర పెద్ద తప్పు. దాని మీద జుట్లు పట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

మా ఆయన పోయాక అమ్మాయిని హాస్టల్లో వేసి, ఇంటికి తాళం పెట్టి, ఇంటిపనికి కువైట్ వెళ్ళాను. వెళ్ళే ముందు నా పచ్చ బిందెను అత్త చేతిలో పెట్టి, ఇంక ఈ లైను పీడ నాకు వదిలిందన్నాను. అత్త నవ్వి, పీడో గీడో బిందె మాత్రం జాగ్రత్తగా పెడతాలే అంది.

అక్కడ వంటింట్లోనే మూడు కొళాయిలు. డ్రైవరు రోజూ పైపుతో కార్లు కడుగుతుంటే, మొదటిరోజు ఆ నీళ్ళు కాలవలోకి పోవడం చూస్తూ ఎన్ని బిందెలో లెక్కపెట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి నేనే కొళాయి విప్పి గిన్నెలు దాని కింద వదిలేసేదాన్ని. నీళ్ళకు కొదవ లేదు. పిలుపే కరువైంది. అక్కా అనేవాళ్ళు లేరు, వదినా అనేవాళ్ళు లేరు. కొన్ని రోజులు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా నా గొంతు నాకే వినబడేది కాదు. ఏ లైను వదిలించుకోవాలని విమానం ఎక్కానో ఆ లైనే కలలోకి వచ్చేది. సెలవురోజు అత్తకు ఫోన్ చేస్తే ఆమె ఆ ఫోన్‌ను నీళ్ళ లైను పొడుగునా తిప్పి, అందరిచేతా తలా ఒక మాట మాట్లాడించేది. ఇక్కడ నీళ్ళకే కరువు, మాటలకు కాదు అనేది.

తొమ్మిదేళ్ళకు తిరిగొచ్చాను. అమ్మాయి అప్పటికే ఒంగోలులో నర్సుగా చేరిపోయింది. ఇన్నేళ్ళూ కలగన్న వీధి తీరా కళ్ళముందుకు వస్తే నచ్చలేదు నాకు. ఎంత తెచ్చినావు, ఎందుకు చిక్కినావు, మళ్ళీ ఎప్పుడు పోతావు అని ఒకటే ప్రశ్నలు. తలుపు మూసుకుని మినరల్ వాటర్ క్యాన్ వేయించుకున్నాను. అత్త నా బిందె తెచ్చిచ్చింది. రంగు వెలిసింది, అడుగు గీతలు పడింది, మూతి దగ్గర పగిలితే ప్లాస్టిక్ కరిగించి అతికించారు. బాగా వాడేసుకుందిలే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా, లేదు. "నా బిందె నీకు బాగానే అక్కరకొచ్చినట్టుంది అత్తా" అని దెప్పాను కూడా. "బిందె ఉండేది వాడేదానికే గదా కోడలా" అంది, అంతే.

కానీ ఊరుకునే మనిషి కాదు. వారం తర్వాత క్యాన్ల ఆటో వెళ్ళగానే వచ్చి నా గడప మీద కూర్చుంది.

"నీళ్ళు నీ ఇంట్లోకి వస్తాండాయి, సరే. మేం రావాల్నా వద్దా? తలుపేసుకుని ఉండేదానికైతే ఆ కువైట్‌లోనే ఉండకపోయినావా?"

నాకు ఒళ్ళు మండింది. అయినా మర్నాడు బిందె పట్టుకుని వెళ్ళాను. వెళ్ళడం మొదలుపెట్టాక మానలేదు కూడా. కానీ మనసు మాత్రం ఒక కాలు లోపల, ఒక కాలు బయటగానే ఉండింది. ఈమధ్య కడప ఏజెంటు కువైట్‌లో పనికి ఇంకో ఇల్లు ఉందని ఫోన్ చేసినప్పుడు వారంలో చెబుతానన్నాను. ఆ వారంలోనే అత్త పోయింది.

సమాధి దగ్గర నుంచి తిరిగి వస్తుంటే మా వీధి చివరింటి వదిన నా పక్కన నడిచింది. వీధిలో అత్తతో ఎక్కువ కొట్లాడింది ఈమే.

"నువ్వు కువైట్ పోయిన కొత్తలో నీ బిందె కోసం ఆమెతో శానా కొట్లాడినా. తాళమేసిన ఇంటికి నీళ్ళేందని లైన్లో నుంచి తీసి పారేసినా కూడా. ఆమె ఏమన్నదో తెల్సా? అది వచ్చినాక నన్ను చేర్చుకోండని ఎవురిని అడుక్కోవాల, దాని జాగా దానికి ఉండనీ, అన్నది. మళ్ళీ తెచ్చి పెట్టింది."

మరి ఆ నీళ్ళు ఏం చేసేదని అడిగాను.

"ఆమె వాడుకోలా. ట్యాంకర్ అయిపోయి చివర్న ఎవురికి దక్కకపోతే వాళ్ళకు పోసేది. చివరిల్లు మాదే గదా. తొమ్మిదేళ్ళు నీ బిందె నీళ్ళు ఎక్కువ తాగింది మేమే."

దారి పక్కన రాయి మీద కూలబడి ఏడ్చాను. నేనెక్కడో ఎవరివో గిన్నెలు తోముతూ నాకెవరూ లేరని కుమిలిపోయిన రోజుల్లో నా ఇంటి వంతు నీళ్ళతో ఇక్కడ ఒకరి దాహం తీరుతూనే ఉంది. అలా తీర్చిన మనిషిని పట్టుకుని నేనేమన్నానో మీకు చెప్పాను కదా.

కూతురు దినాలయ్యాక, నేనడిగితే నీలం బిందె నాకిచ్చి, అత్త ఇంటికి తాళం వేసి కురిచేడు వెళ్ళింది. తర్వాత ట్యాంకర్ వచ్చిన రోజు నేను రెండు బిందెలు పెట్టాను. ముందు నీలంది, దాని వెనక నా పచ్చది. ట్యాంకర్ కోసం చూస్తుండగానే ఏజెంటు ఫోన్ వచ్చింది. నేను రాను, ఇంకెవర్నైనా చూసుకో అని పెట్టేశాను.

చివరింటి వదిన రెండు బిందెల వంకా చూసింది. తాళం వేసిన ఇంటికి నీళ్ళేందని అడగలేదు. లైను కదలగానే పక్కకు వచ్చి, నీలం బిందెను కాలితో మెల్లగా ముందుకు జరిపింది.