నిన్న లేని మెరుపు

"కండ్లకు పొరలొచ్చినాయి, నీకు కూలి ఎందుకియ్యాలక్కా?"

2003 జూన్‌లో, తొలివాన వెలిసిన మర్నాడు, వజ్రకరూరు టీ అంగడి ముందర పాపన్న హనుమంతమ్మను అడిగిన మాట ఇది. పాపన్న వజ్రాల వ్యాపారికి కూలీలను కుదిర్చే మేస్త్రీ. ఆమె ముప్పయ్యేండ్లుగా వాన పడినప్పుడల్లా చేన్లలో వంగి రాళ్లు వెతికిన మనిషి. వజ్రం అదృష్టవంతులకే దొరుకుతుందని ఊరి మాట. అదృష్టానికి నడుంనొప్పి రాదు, ఆమెకు వచ్చింది. ఈ కూలి పోతే ఆ వానాకాలమంతా ఇంకో పని లేదు.

పక్క బల్లమీద సైన్సు అయ్యవారు నాగేశ్వర రెండు కాగితాలతో కుస్తీ పడుతున్నాడు. గుంతకల్లు ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన ఫోటోలు. రెండింట్లోనూ ఒకే గెలాక్సీ: నడుమ వెలుగు కడ్డీ, దాని కొసల నుంచి సుడి తిరిగిన రెండు చేతులు. మొదటిది పాతది. రెండో ఫోటోలో, మొన్న జనవరిలో కనిపించిన సూపర్‌నోవా ఉండాలి. అరగంటగా ఆయనకు చిక్కలేదు.

"ఇట్లియ్యి సారూ." హనుమంతమ్మ కాగితాలను ఎండకు ఏటవాలుగా పట్టింది, చేనులో పొద్దుకు ఎదురు నిలబడినట్టే. బాగా మెరిసేవాటి జోలికే పోలేదు. ఒకచోట వేలు పెట్టింది. "ఇది నిన్న లేదు."

అయ్యవారు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. దీంట్లో ఉంది, దాంట్లో లేదు.

"ఆడ గూడా వాన పడినట్టుండాది," అంది ఆమె. "మన్ను కడిగితేనే గదా తేలేది."

పాపన్న నవ్వాడు. అయ్యవారు నవ్వలేదు. "వాన కాదు హనుమంతమ్మా, ఒక సూర్యుడు పేలినాడు. పదకొండేండ్లలో ఆ ఒక్క గెలాక్సీలోనే ఇట్లాంటివి మూడు కనపడినాయి. ఈ వెలుగు బయల్దేరి నాలుగున్నర కోట్ల ఏండ్లు. అప్పటికి మనిషన్నవాడే లేడు."

"మా రాళ్లు ఉండెనా?"

"అవి నూరు కోట్ల ఏండ్ల నాటివి. అప్పటికే ముసలివి."

ఆమె కాగితం దించలేదు. కొంగున ముడేసుకొని తిరిగిన రాళ్లు ఇంత పాతవని ఏ వ్యాపారీ చెప్పలేదు. అంత దూరం నడిచొచ్చిన వెలుగు, ఈ అంగడి ముందర తన వేలికింద ఆగింది.

"ఏమప్పా పాపన్నా, అంత దూరానిది కనపడింది. నీ చేనులోది కనపడదా?"

పాపన్న టీ గ్లాసు కింద పెట్టి, "నడువక్కా," అన్నాడు.

రోజుకు నలభై చొప్పున ఆమె పదకొండు దినాలు కూలికి పోయింది. పాపన్న ఏడు దినాలకే ఇచ్చాడు. నూట అరవై రూపాయలు ఇంకా రావాలి.