గ్రామసభను ఖాళీ చేసిన నా లెక్చర్

మొన్న నేను చేసిన ఘనకార్యం మీకు చెప్పలేదు గద! నవ్వనంటేనే చెప్తా.

ఖమ్మంల లా స్టూడెంట్లకు ఇరవై రెండేండ్ల సంది రాజ్యాంగం చెప్తున్న. అడవి ఊర్లల్ల గ్రామసభకు ఎంత పవరుంటదో చెప్తూ లావుపాటి పుస్తకం గూడ రాసిన. గంత రాసి, ఒక్క గ్రామసభనన్న కండ్లతోని చూసిన్నా అంటే, లేదు!

జూలూరుపాడు అవతల ఒక కోయ ఊరుంది. ఆ ఊరి సర్పంచ్ నాగమ్మ ఫోన్ చేసింది. "మేడమ్, మా గుట్టను తవ్వి కంకర క్వారీ పెడతరంట. సోమవారం గ్రామసభ. జర వచ్చి మా హక్కులేందో చెప్పున్రి."

సోమవారం పొద్దుగాల పోయిన. బడి వరండా నిండ జనం. మైకు చేతికొస్తే నేనాగుతనా? ఐదో షెడ్యూల్ కాడ మొదలువెట్టి, కోర్టు తీర్పులన్ని తిరిగి, గంటంబావుకు "ధన్యవాదాలు" అని దండం పెట్టిన. అందరు గట్టిగ చప్పట్లు కొట్టిండ్రు. లేచిండ్రు. పోయిండ్రు!

నేనింక మురుస్తనే ఉన్న. నాగమ్మ నెత్తి పట్టుకున్నది. "మేడమ్, మీ దండం చూసి మీటింగే అయిపోయిందనుకున్నరు! తీర్మానం రాయనే లేదు!"

మండలం నుంచి వచ్చిన ఆఫీసర్ వాచీ చూసుకున్నడు. "కోరం లేదు. మూడింటి దాక చూస్త. తర్వాత వాయిదా అని రాసుకొని పోతా."

వాయిదా పడిందంటే క్వారీవాళ్ల నెత్తిన పాలు పోసినట్టే గద!

జనాన్ని మళ్లీ పిలుసుకరానీకి ఇద్దరం పత్తి చేలల్ల పడ్డం. నాగమ్మ అటు, నేనిటు. ముత్తమ్మ అనే ముసలామె పత్తి ఏరుతున్నది. "ఈ సాలు ఒడవనియ్యి, వస్త" అన్నది. జల్దీ కావాలని నేను గూడ పట్టుచీరతోనే ఏరుడు మొదలువెట్టిన. కాయల మొనలు వేళ్లకు గుచ్చుకుంటున్నయ్.

"నిజం చెప్పు బిడ్డా," అన్నది ముత్తమ్మ. "మేం వద్దంటే ఆగుతదా?"

క్లాసులైతే టకటక చెప్పేదాన్ని. ఆడ ఉన్నదున్నట్టు చెప్పిన. "ఆగుతదని మాటియ్యలేనవ్వా. కానీ మీరు వద్దన్నట్టు కాయితం మీద లేకుంటే, ఒప్పుకున్నరనే రాసుకుంటరు."

ఆమె ఏరుడాపి నా దిక్కు చూసింది. "గీ ముక్క పొద్దున్నే చెప్పకపోతివి!"

అని, పక్క చేనోళ్లను గట్టిగ కేకేసింది.

మూడింటికి పది నిమిషాలుండంగ వరండా మళ్లీ నిండింది. క్వారీ వద్దని తీర్మానం రాసిండ్రు. సంతకాలు, వేలిముద్రలు పడ్డయ్. ముత్తమ్మ వేలు ఒత్తుతుంటే నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నా పుస్తకంల ఆమె యాడుంది?

ఆఫీసర్ మర్యాదకు లేచి, "ఇప్పుడు ప్రొఫెసర్ మేడమ్..." అన్నడో లేదో, సభ మొత్తం ఒక్కసారే, "వద్దు!"

ఆ దినం ఏకగ్రీవంగ పాసైన తీర్మానాలు రెండు. రెండోది మినిట్స్‌ల ఎక్కలేదు, గంతే!