పొయ్యి రాజేయని పొద్దు

1994లో కలకత్తా దగ్గర సంత్రాగాఛి రైల్వే హెల్త్ యూనిట్‌లో నర్సుగా ఉండేదాన్ని. హెల్త్ యూనిట్ అంటే పెద్దాసుపత్రికి పంపే ముందు చూసే చిన్న దవాఖానా. అక్కడ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఖలాసీల, అంటే రైల్వే కూలీల కుటుంబాలు చాలా ఉండేవి. నాకు తెలుగు వచ్చు కాబట్టి వాళ్ల పిల్లలందరినీ నా నెత్తినే వేసేవారు.

ఆ వానాకాలంలో లక్ష్మి అనే తొమ్మిదేళ్ల పిల్ల బళ్లో కళ్లు తిరిగి పడిపోతే తీసుకొచ్చారు. హీమోగ్లోబిన్, అంటే రక్తానికి ఎరుపునిచ్చేది, బాగా తగ్గిపోయింది. నెలలో పెరక్కపోతే ఆసుపత్రిలో చేర్చి రక్తం ఎక్కించాల్సిందే అన్నారు డాక్టరుగారు. ఐరన్ మాత్రలిచ్చి, పొద్దున్నే పప్పు, ఆకుకూర వేసి కిచిడీ వండిపెట్టమని తల్లి అప్పలమ్మకు చెప్పాను. ఆమె అన్నిటికీ తలూపింది. మళ్లీ వచ్చినప్పుడు పొద్దున ఏం తిన్నావని పిల్లను అడిగితే, దాపరికం లేకుండా టీ, పావురొట్టె అంది. అక్కడ బ్రెడ్డును అలాగే అంటారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు తెల్లవారుతూనే వాళ్ల క్వార్టరుకు వెళ్లాను.

తండ్రి రాత్రి డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. అప్పలమ్మ షాలిమార్‌లో గోనెసంచులు కుట్టే పనికి తొలి లోకల్ రైలు అందుకోవాలి. బొగ్గుల పొయ్యి చల్లగా ఉంది. తల్లీకూతుళ్లు గుమ్మంలో కూర్చుని ఒకే గిన్నెలోని టీలో రొట్టె ముంచుకు తింటున్నారు. పిల్ల బంగ్లా, తెలుగు కలిపి బడి కబుర్లు గలగలా చెబుతోంది. తల్లి జడ అల్లుతూ వింటోంది.

కిచిడీ ఏమైందని అడిగాను.

"తెలీక కాదు సిస్టరమ్మా. పొయ్యి రాజేసి వండేసరికి నా బండెల్లిపోతాది. రాత్రి నాను తిరిగొచ్చేసరికి ఇది తొంగుంటాది. రొట్టైతే వండక్కర్లేదు గదా. ఈ కాసేపూ దీని పక్కన కూకుంటాను."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. చవకగా దొరుకుతుందనీ, బద్ధకమనీ అనుకున్న రొట్టెలో ఆమె బిడ్డతో గడిపే పూటంతా ఉంది. దాన్ని లాక్కోవడానికి నాకు మనసొప్పలేదు.

రొట్టె మానమనలేదు. టీ ఐరన్‌ను ఒంటబట్టనివ్వదు కాబట్టి అది తల్లికే వదిలేయమన్నాను. రాత్రి నానేసిన శనగలు, బెల్లం ముక్క, నిమ్మబద్ద రొట్టె పక్కన పెట్టమన్నాను. వీటికి పొయ్యితో పని లేదు. డ్యూటీకి వెళ్లేముందు సాయంత్రం వంట తండ్రిదే కాబట్టి, అన్నంతో పాటు ఆకుకూర, గుడ్డు చేసిపెట్టమని అతనికి చెప్పాను. పిల్ల మాత్రలు కూడా మానకుండా మింగింది.

నెల తిరిగేసరికి ఎరుపు పెరిగింది. రక్తం ఎక్కించే పని తప్పింది. ఆ రోజు లక్ష్మి గుప్పిట్లో దాచి తెచ్చిన నానిన శనగలు నా చేతిలో పోసింది. అలవాటుగా నిలబడే నోట్లో వేసుకోబోయాను. పిల్ల నా కొంగు పట్టి బల్లమీదికి లాగింది.

"కూకోండి దీదీ. మాయమ్మ కూకునే తింటాది."

కూర్చున్నాను. ఆనాటి నుంచి, పిల్లలకు ఏం పెట్టాలో చెప్పేముందు, పక్కన కూర్చోవడానికి మీకు వీలయ్యేదెప్పుడని తల్లుల్ని అడిగేదాన్ని.